ఎలుక నమ్మిన చేయి

పంటకు చేటు చేసే జీవిగానే మనకు తెలిసిన ఎలుక, ఓపిక పట్టేవాళ్ల అరచేతిలో నిద్రపోతుంది. పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొస్తుంది. మందుపాతరను పసిగట్టి మనుషుల ప్రాణాలు కాపాడుతుంది.

వరి పొట్టకొచ్చే వేళకు పల్నాడులో నాగార్జునసాగర్ కుడి కాలువ కింది పొలాల గట్ల మీద కొత్త మట్టి కనిపిస్తుంది. రాత్రికి రాత్రి తోడి పోసిన మట్టి. పక్కనే మొదలంటా కొరికి పడేసిన పిలకలు. నరసరావుపేట వైపు రైతైనా గురజాల వైపు రైతైనా అప్పుడు చేసే పని ఒకటే. సాయంత్రం గట్లన్నీ తిరిగి కన్నాలు మూసేస్తాడు. తెల్లారేసరికి ఏది తెరుచుకుని ఉంటే అందులో ఎలుక ఉన్నట్టు లెక్క. ఆ కన్నం దగ్గర నూకలకు నూనె పట్టించి పెడతాడు. మందు కలపడు. రెండు రోజులు ఉత్త నూకలే. మూడో రోజు 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల జింకు ఫాస్ఫైడు కలిపి పొట్లం కట్టి పెడతాడు. వ్యవసాయాధికారులు ఏళ్ల తరబడి చెబుతూ వస్తున్న పద్ధతి ఇది.

ఆ రెండు రోజుల ఉత్త నూకలు ఎందుకంటే, తెలియని తిండిని ఎలుక నమ్మదు. కొత్తది కనబడితే ఒక్క గింజ కొరికి ఆగుతుంది. ఎలుక వాంతి చేసుకోలేదు. తిన్నది కక్కే వీలు లేదు కాబట్టి తినకముందే జాగ్రత్తపడాలి. కడుపులో తేడా చేసిందంటే ఆ రుచిని మళ్లీ ముట్టదు. 1955లో జాన్ గార్సియా అనే అమెరికా శాస్త్రవేత్త ఎలుకలకు తీపి నీళ్లు తాగించి, రేడియేషన్‌తో వాటికి కడుపులో తిప్పేలా చేశాడు. ఆ తర్వాత అవి తీపి నీళ్ల జోలికే పోలేదు. బెన్నెట్ గాలెఫ్ అనే మరో పరిశోధకుడు కెనడాలో ఇంకో సంగతి కనిపెట్టాడు. బయట తిని వచ్చిన తోటి ఎలుక నోటి వాసన చూసి, ఏ తిండి తినొచ్చో మిగతావి నేర్చుకుంటాయట.

అంటే మన రైతు ఆ రెండు రోజులూ చేసేది ఎలుక నమ్మకాన్ని సంపాదించడం. ఏడాది కష్టం గట్టు మీద తెగి పడుతుంటే అతను అలా చేయక తప్పదు. నేను అతన్ని తప్పు పట్టను. అయితే ఎలుకల్ని పెంచుకునేవాళ్లు చేసేదీ సరిగ్గా ఆ మొదటి రెండు రోజుల పనే. వాళ్ల దగ్గర మూడో రోజు ఉండదు, అంతే.

పట్టేవాడే పెంచాడు

మన ప్రాంతంలో ఎలుకను అందరికంటే దగ్గరగా ఎరిగినవాళ్లు యానాదులు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చు వేయించిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో యానాదుల ఊదర గురించి ఉంది. కుండ అడుగున చిన్న చిల్లు పెడతారు. లోపల గడ్డి కూరి నిప్పంటించి, కుండ మూతిని కన్నానికి ఆనిస్తారు. చిల్లులోంచి నోటితో ఊదుతుంటే పొగ కన్నంలోకి పోతుంది. మరో చోట నేల మీద సన్నగా పొగ లేచిందంటే అక్కడ ఇంకో దారి ఉన్నట్టు. దాన్నీ మూసి, అప్పుడు తవ్వుతారు. ఎలుక దాచుకున్న వెన్నులు బయటపడితే అవీ వాళ్ల కష్టానికి దక్కేవే.

మూరెడు కన్నం చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పడానికి కళ్లు బాగుంటే చాలదు. మట్టి తడి ఆరిందా, తోక ఈడ్చిన గీత కొత్తదా, పెంటికలు మెత్తగా ఉన్నాయా, గడ్డి ఏ వైపుకు వాలింది, ఇవన్నీ ఒకేసారి చదవాలి. ఇంత చదువుకు మనం ఇచ్చింది ఎలుకకు ఇంత అని కూలి మాత్రమే. తమిళనాడులో ఇరుళర్ల కథ వేరుగా నడిచింది. ఒకప్పుడు పాము చర్మాల వ్యాపారానికి పాములు పట్టిన వాళ్లే 1978లో రోములస్ విటేకర్ తోడ్పాటుతో సహకార సంఘం పెట్టుకుని, పాము కాటు మందుకు కావలసిన విషం తీసి ఇస్తున్నారు. పాములు పట్టడంలో నేర్పరులైన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఎలుక గురించి యానాదులకున్న తెలివిడికి అలాంటి దారి ఒకటి మన దగ్గర ఎవరూ వేయలేదు. అది నాకు బాధ కలిగించే విషయం.

ఈ మాట ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. ఐరోపాలో పెంపుడు ఎలుక కథ మొదలైందే ఎలుకలు పట్టేవాడి ఇంట్లో. పందొమ్మిదో శతాబ్దపు లండన్‌లో జాక్ బ్లాక్ అనే అతను విక్టోరియా రాణి ఎలుకలు పట్టేవాడిగా పేరు పొందాడు. పట్టిన వాటిలో తెల్లవి, మచ్చలవి, వింత రంగువి దొరికితే చంపకుండా ఉంచి, పిల్లలు పెట్టించి, పెద్దింటి ఆడవాళ్లకు అమ్మేవాడు. 1901లో మేరీ డగ్లస్ అనే ఆవిడ పూనికతో ఇంగ్లండ్‌లోని ఐల్స్‌బరీలో ఎలుకల అందాల ప్రదర్శన జరిగింది. 1906లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విస్టార్ సంస్థ ప్రయోగాల కోసం తెల్ల ఎలుకల పెంపకం మొదలుపెట్టింది. ఆ సంతతే ప్రపంచమంతా పాకింది.

మన దేశంలో ఆ సంతతికి పెద్ద ఇల్లు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగమే అది. 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. మెకారిసన్ ఎలుకల్ని గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపుకు దేశంలో ఒక్కో ప్రాంతపు భోజనం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరగాయలు ఉండే సిక్కుల భోజనం తిన్నవి ఏపుగా పెరిగాయి. తెల్లబియ్యం ఎక్కువగా ఉండే మద్రాసు భోజనం తిన్నవి బక్కచిక్కాయి. అప్పట్లో పల్నాడు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. మన కంచం గురించి మనకు తొలి హెచ్చరిక చేసింది ఎలుకలే.

మన చట్టంలో మాత్రం ఎలుక చోటు చాలాకాలం ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఐదో షెడ్యూలులో కాకి, పండ్లు తినే గబ్బిలంతో పాటు ఎలుకనూ చీడ జంతువుల జాబితాలో చేర్చారు. 2022 సవరణతో ఆ షెడ్యూలు తొలగిపోయింది.

వెనక కాళ్లు కదిలేదాకా

ఇక ఇంట్లోకి వద్దాం. ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. పొలంలోనో కొట్టాంలోనో దొరికిన ఎలుక పిల్లను పెంచుకోవద్దు. దాని మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అంటే మనం ఎలుక జ్వరం అనుకునేది అంటుకుంటుంది. బురదలో చెప్పులు లేకుండా దిగే కూలీలను ఆ జబ్బు ఎక్కువగా పట్టుకునేది అందుకే. పెంచుకోవాల్సింది తరతరాలుగా మనిషి చేతిలో పెరిగిన సంతతిని. దాన్ని ముట్టుకున్నా తర్వాత చేతులు కడుక్కోవాలి. చిన్నపిల్లల పక్కన పెద్దవాళ్లు ఉండాలి.

ఒక్కదాన్ని తేకూడదు. ఎలుక గుంపు జీవి. ఎంత ముద్దు చేసినా మనిషి దానికి తోటి ఎలుక కాలేడు. రెండూ ఆడవో రెండూ మగవో అయితే సంతానంతో ఇబ్బంది ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు పిల్లలు తొందరగా మచ్చికవుతాయి.

తెచ్చిన రోజే పట్టుకోవాలని చూడకండి. పంజరం పక్కన కూర్చుని పేపరు చదువుకోండి, ఫోన్లో మాట్లాడుకోండి. మీ గొంతు, మీ వాసన వాటికి ఇంటి సామానులో భాగం కావాలి. మీరు వాడిన పాత చొక్కా ముక్క లోపల పడుకునే చోట వేయండి. చేయి పెట్టేటప్పుడు పైనుంచి దించొద్దు. ఎలుక పూర్వీకుల్ని పైనుంచి వచ్చి పట్టుకున్నవి గద్దలు, గుడ్లగూబలు. ఆ నీడ పడితే పుట్టుకతో వచ్చిన భయం లేస్తుంది. చేయి నేల మట్టాన పక్కనుంచి రావాలి. వచ్చి ఆగాలి.

ఆ తర్వాత జరిగేది దగ్గరుండి చూడాలి. ముందు మీసాలు వస్తాయి. సెకనుకు ఎన్నోసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతూ మీ గోటి అంచును తడుముతాయి. ఎలుక చూపు మందం. తెల్ల ఎలుకకైతే మరీ మందం. దూరం అంచనా కోసం తలను అటూ ఇటూ ఊపుతుంది. ముక్కు మీ వేలికి తగులుతుంది, వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. ఒళ్లంతా ముందుకు సాగుతుంది గానీ వెనక కాళ్లు మాత్రం ఉన్నచోటే నేలను పట్టుకుని ఉంటాయి. ఒక్క చప్పుడైతే చాలు, ఆ కాళ్లే దాన్ని వెనక్కి లాక్కుపోతాయి. మీరు చూస్తూ ఉండాల్సింది ఆ వెనక కాళ్లనే. అవి ఎప్పుడు తమంతట తాము ఒక అడుగు ముందుకు వేశాయో అప్పుడు సగం పని అయింది.

తినిపించడంలో ఒక కిటుకు ఉంది. వేరుశనగ గుండు ఇస్తే నోట కరుచుకుని మూలకు పోతుంది. తిండి దొరికింది గానీ మీ దగ్గర ఉండటం దానికి అలవాటు కాలేదు. చెంచాకు కాస్త పెరుగు రాసి ఇవ్వండి. పెరుగును ఎత్తుకుపోలేదు కదా, నాకుతూ అక్కడే నిలబడాలి. ఆ చెంచాను రోజురోజుకూ మీ అరచేతికి దగ్గర చేస్తూ పోతే, చివరికి అరచేతిలోకి ఎక్కి నాకుతుంది. మధ్యలో ఎత్తేయాలన్న ఆశ పుడుతుంది. ఎత్తొద్దు. ఎక్కినప్పుడు దిగే స్వేచ్ఛ దానికి ఉందని తెలిస్తేనే మళ్లీ ఎక్కుతుంది. ఎత్తాల్సిన రోజు వచ్చాక రెండు చేతులూ పొట్ట కింద పెట్టి ఎత్తాలి. తోక పట్టి ఎత్తడం మహాపాపం. తోక చర్మం ఊడొచ్చే ప్రమాదం ఉంది.

నమ్మిన ఎలుక ఏం చేస్తుంది? ఒడిలో చదునుగా పడుకుని పళ్లు నూరుతుంది. దవడ కండరం కంటి వెనకగా పోతుంది గనక, పళ్లు నూరినప్పుడల్లా కళ్లు బయటికీ లోపలికీ ఆడతాయి. మొదటిసారి చూసినవాళ్లు జబ్బేమోనని హడలిపోతారు. చాలావరకు అది హాయికి గుర్తు. ఒళ్లు బిగుసుకుని, వెంట్రుకలు లేచి పళ్లు నూరితే మాత్రం అది బాధో భయమో. ఇంకొన్ని ఎలుకలు మీ వేళ్లను నాకి శుభ్రం చేస్తాయి. గుంపులో ఒకదానికొకటి చేసుకునే సేవ అది.

నవ్వు కూడా ఉంది. మన చెవికి వినిపించదు, అంతే. అమెరికాలో యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త 1990ల చివర్లో ఎలుకల మెడ మీద, పొట్ట మీద చక్కిలిగింతలు పెట్టి, గబ్బిలాల అరుపులు వినే యంత్రంతో విన్నాడు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలు వినిపించాయి. మన చెవి 20 దగ్గరే ఆగిపోతుంది. చక్కిలిగింతలు ఆపితే ఎలుకలు ఆ చేయి వెంట పడ్డాయి. భయపడ్డప్పుడు చేసే ధ్వని వేరు, అది 22 దగ్గర ఉంటుంది.

2019లో బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో ఎలుకలతో దాగుడుమూతలు ఆడారు. నిజంగా ఆడారు. మనిషి దాక్కుంటే ఎలుక వెతుకుతుంది, ఎలుక దాక్కుంటే మనిషి వెతుకుతాడు. తినడానికి ఏమీ పెట్టలేదు. దొరికినప్పుడు చక్కిలిగింతలే బహుమానం. దాక్కునేటప్పుడు ఎలుకలు నోరెత్తకుండా ఉండేవి. పారదర్శకమైన పెట్టె కంటే లోపలికి కనబడని పెట్టెనే ఎంచుకునేవి. దొరికిపోయాక కూడా మళ్లీ పరుగెత్తి దాక్కునేవి. తిండి కోసమే ఎలుక దగ్గరికి వస్తుందనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. 2011లో షికాగోలో ఇన్‌బల్ బెన్ అమీ బార్తల్ బృందం ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధిస్తే, రెండో ఎలుక ఆ తలుపు తీయడం నేర్చుకుని దాన్ని విడిపించింది. పక్కనే చాక్లెట్ ముక్కలున్న గొట్టం పెట్టినా రెండూ తెరిచి, చాలాసార్లు విడిపించిన దానికి కూడా కొంత మిగిల్చింది.

టక్కు, వెంటనే ముక్క

మచ్చికైన ఎలుకకు నేర్పడం కష్టం కాదు. బాల్‌పెన్ నొక్కితే వచ్చే టక్కు చాలు. టక్కుమనగానే ఒక చిన్న ముక్క: ఉడికిన గుడ్డు, మరమరం, వేరుశనగలో నాలుగో వంతు. మళ్లీ టక్కు, మళ్లీ ముక్క. ఇలా కొన్నాళ్లకు ఆ చప్పుడుకు తిండి అని అర్థం పుడుతుంది. ఇక అది మంచి పని చేసిన క్షణాన్ని మీరు ఆ చప్పుడుతో పట్టుకోవచ్చు. ఒక పుల్ల చూపించండి. ముక్కు తగిలిందా, టక్కు. పుల్ల కదిలిస్తే వెంట వస్తుంది. పుల్లను గుండ్రంగా తిప్పితే గిరికీ కొడుతుంది. రింగు అవతల పెడితే దూకుతుంది.

అన్నిటికంటే ముందు నేర్పాల్సింది పిలిస్తే రావడం. బీరువా కిందికి దూరిన ఎలుకను బయటికి రప్పించాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. పేరు పిలిచి, వచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టండి. పేరు పిలిచి పంజరంలో వేసి తలుపు మూయడం మాత్రం చేయకండి. రెండుసార్లు అలా చేస్తే మూడోసారి రాదు. నేర్పడానికి ఏదైనా సంధ్య వేళ ఐదు నిమిషాలు చాలు. అరవడం, ముక్కు మీద కొట్టడం వంటివి పనికిరావు. ఒకసారి కడుపులో తిప్పిన రుచిని జన్మలో ముట్టని జీవి, కొట్టిన చేతిని మరిచిపోతుందా?

పెద్ద పనిని చిన్న అడుగులుగా విడగొట్టి, ఒక్కో అడుగుకూ బహుమానం ఇచ్చే ఈ పద్ధతికి శాస్త్రరూపం ఇచ్చింది బి.ఎఫ్. స్కిన్నర్. ఆయన ప్లినీ అనే ఎలుకకు గొలుసు లాగి గోళీని కింద పడేయడం, ముందు కాళ్లతో దాన్ని ఎత్తుకుపోయి గొట్టంలో వేయడం నేర్పాడు. 1937లో లైఫ్ పత్రిక ఆ ఎలుక గురించి రాసింది.

ఈ విద్య ప్రాణాలు కాపాడే పనికి అందడానికి కారణం చిన్నప్పుడు ఎలుకలు పెంచిన ఒక బెల్జియం కుర్రాడు. బార్ట్ వీత్‌యెన్స్ పెద్దయ్యాక మందుపాతరల గురించి ఆలోచిస్తుంటే తన ఎలుకల ముక్కు గుర్తొచ్చింది. 1997లో అపోపో అనే సంస్థ మొదలైంది. టాంజానియాలోని మొరొగొరోలో, సొకొయినె వ్యవసాయ విశ్వవిద్యాలయంలో దాని శిక్షణ కేంద్రం. అక్కడ వాడేది మనం పెంచుకునే ఎలుక కాదు, బుగ్గల్లో తిండి దాచుకునే ఆఫ్రికా పెద్ద ఎలుక. కిలో పైచిలుకు బరువు తూగుతుంది గానీ, మందుపాతర పేలడానికి ఆ బరువు చాలదు. కళ్లు తెరిచిన కొన్ని వారాలకే పిల్లల్ని మనుషుల మధ్య తిప్పుతారు. చప్పుళ్లు వినిపిస్తారు, వాహనాల్లో ఎక్కిస్తారు. మొదట భయం పోవాలి. ఆ తర్వాతే టక్కు, అరటిపండు ముక్క, పేలుడు మందు వాసన. పనిలోకి దిగేసరికి తొమ్మిది నెలలు, ఏడాది పడుతుంది. టెన్నిస్ కోర్టంత జాగాను అరగంటలో వెతికేస్తుంది. లోహాన్ని పసిగట్టే యంత్రంతో మనిషికి అదే పని నాలుగు రోజుల దాకా పట్టొచ్చు. మేకులు, రేకు ముక్కలు యంత్రాన్ని మోసం చేస్తాయి, ఎలుకను చేయలేవు.

వీటిలో మగావా పేరు లోకమంతా తెలిసింది. 2016లో కంబోడియా చేరిన ఈ ఎలుక 71 మందుపాతరలు, మరో 38 పేలని ఆయుధాలు పట్టిచ్చింది. 2020 సెప్టెంబరులో బ్రిటన్‌లోని పీడీఎస్‌ఏ సంస్థ దానికి బంగారు పతకం ఇచ్చింది. ఆ పతకం అందుకున్న మొదటి ఎలుక అదే. 2022 జనవరిలో ఎనిమిదేళ్ల వయసులో చనిపోయింది. రోనిన్ అనే మరో ఎలుక 109 మందుపాతరలు పట్టి దాన్ని దాటేసింది. టాంజానియాలో ఇదే జాతి ఎలుకలు క్షయ రోగుల కళ్లె వాసన చూసి, ఆసుపత్రి పరీక్షలో తప్పిపోయిన కేసుల్ని పట్టిస్తున్నాయి. వంద నమూనాలు వాసన చూడటానికి వాటికి ఇరవై నిమిషాలు. క్షయ భారం ప్రపంచంలోనే ఎక్కువగా మోస్తున్న దేశం మనది. ఈ వార్తను మనం వింతగా చదివి వదిలేయడం సరి కాదు.

రెంటచింతల ఎండ

కంబోడియా పొలాల్లో ఎలుకల్ని తెల్లవారుజామునే పనిలోకి దించి, ఎండ ముదిరేలోగా ఆపేస్తారు. చెవులకు, తోకకు ఎండ తగలకుండా క్రీము రాస్తారు. పల్నాడులో ఎలుకను పెంచాలనుకునేవాళ్లు ముందు ఆలోచించాల్సిందీ ఎండ గురించే. రాష్ట్రంలో ఎండల మాట వస్తే రెంటచింతల పేరు రాకుండా పోదు. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాలు అక్కడ మామూలే. ఎలుకకు ఒంటికి చెమట పట్టదు, కుక్కలా రొప్పి చల్లబడలేదు. వెంట్రుకలు లేని తోకలోంచి ఒంటి వేడి కొంత బయటికి పోతుంది. గాలి ఒంటికంటే వేడిగా ఉన్నప్పుడు ఆ దారి కూడా మూసుకుపోతుంది. చదునుగా పడి, కదలకుండా, నోటి తడితో వెంట్రుకలు నాక్కుంటోందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

కాబట్టి రేకుల కింద, మిద్దె మీది గదిలో పంజరం పెట్టొద్దు. కింది గదిలో, నాపరాళ్ల నేల మీద, గాలి ఆడే చోట పెట్టాలి. సీసాలో నీళ్లు గడ్డకట్టించి గుడ్డ చుట్టి ఒక మూల పెడితే అవే వచ్చి ఆనుకుంటాయి. మట్టి మూకుడును నీళ్లలో నానబెట్టి బోర్లించినా చాలు. కరెంటు పోయే మధ్యాహ్నాలకు ముందే సిద్ధం కావాలి.

తిండికి పెద్ద ఖర్చు లేదు. జొన్నలు, సజ్జలు, ఉడికిన పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు గుడ్డు సరిపోతాయి. ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి గనక కొరకడానికి చెక్క ముక్క ఉండాలి. పరుపుగా కాగితం ముక్కలు మేలు. ఘాటైన వాసన వచ్చే రంపపు పొట్టు ఊపిరితిత్తులకు చేటు. పెంపుడు ఎలుకల్ని ఎక్కువగా బాధించేవి శ్వాస జబ్బులు, ఆడవాటిలో రొమ్ము గడ్డలు. ఊపిరి తీసినప్పుడు చప్పుడు వస్తున్నా, కళ్ల చుట్టూ ముక్కు చుట్టూ ఎర్రటి మరక కనిపించినా వైద్యుడికి చూపించాలి. ఆ ఎరుపు నెత్తురు కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే ద్రవం. అయినా ఆరోగ్యం బాగాలేదనడానికి గుర్తు. మన ఊళ్ల పశువైద్యులు గేదెలు, ఎద్దులు, గొర్రెల మధ్య తిరిగేవాళ్లు. ఎలుకను చూస్తారో లేదో తెచ్చుకోకముందే అడిగి ఉంచుకోవాలి. దూరమైనా గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

దాని ఆయుష్షు రెండేళ్లు, మహా అయితే మూడు. అది తెలిసే తెచ్చుకోవాలి. తెచ్చుకునేవాళ్లు ఎండాకాలంలో తేవొద్దు. తొలకరి పడ్డాక తెస్తే, మళ్లీ మాఘం దాటి ఎండలు ముదిరేలోగా మీకూ వాటికీ చాలినన్ని నెలలు ఉంటాయి. అప్పటికి అవి మీ చేతికి అలవాటై ఉంటాయి. మిట్టమధ్యాహ్నం సీసా మార్చడానికి పంజరంలో చేయి పెడితే మూలకు పారిపోవు.